జాడించని సూటు

అరవైల నాటి హెసిల్ రోడ్డును చూడనివాళ్ళు ఫ్యాషన్ గురించి మాట్లాడితే ఇంగ్లండులోని హల్ రేవు ఊరి పాతకాలం వాళ్ళకు ఒళ్ళు మండుతుంది. లండన్ అమ్మాయిలు పొట్టి గౌన్లు వేశారని, అబ్బాయిలు మెడ దాకా జుట్టు పెంచారని పేపర్లు ఒకటే ఊదరగొట్టాయి. అదే సమయానికి ఇక్కడ, చేపల వాసన వదలని ఈ ఒక్క రోడ్డు మీద, మంచు సముద్రంలో మూడు వారాలు వలలు లాగి వచ్చిన కుర్రాళ్ళు లేత గులాబీ సూట్లలో పట్టపగలు చిప్స్ కొట్టు ముందు నిలబడేవాళ్ళు. వాళ్ళని చూసి ఒక్కడూ నవ్వేవాడు కాదు. నవ్వితే ఆ గులాబీ కోటు చేతిలోంచి ఎలాంటి పిడికిలి బయటికొస్తుందో అందరికీ తెలుసు.

ఏం సూట్లవి! కోటు వీపు మీద భుజాల నుంచి నడుము దాకా కత్తుల్లాంటి మడతలు, నడుస్తుంటే విచ్చుకుని మూసుకునేవి. జేబులు నెలవంకల్లా వంపు తిరిగి ఉండేవి. ప్యాంటు తొడ దగ్గర బిగుతుగా పట్టి, కిందికి వచ్చేసరికి బూటు కనపడనంత వెడల్పయిపోయేది. గాలివాన రోజున ఆ ప్యాంట్లతో రోడ్డు దాటడమే ఒక విద్య. ఇంటి దగ్గర ఉండేది మూడు రోజులు. ఆ మూడు రోజులూ రాజుల్లా బతికి మళ్ళీ ఓడెక్కాలి. అందుకని ఒకడి సూటు రంగు ఇంకొకడికి ఉండకూడదు. ఉంటే అది పెద్ద అవమానం.

ఆడవాళ్ళేం తక్కువ తినలేదు. తలమీద తేనెతుట్టె కొప్పులు కట్టేవాళ్ళు. దువ్వెనతో వెనక్కి దువ్వి దువ్వి చిక్కుబెట్టి, పైకి లేపి, పంచదార నీళ్ళు చల్లి గట్టిపరిచి, పాడవకుండా రాత్రిళ్ళు కాగితం చుట్టుకుని పడుకునేవాళ్ళు. ఆ రోడ్డులో అందరికంటే ఎత్తయిన కొప్పు బెరిల్ స్టాథర్స్‌ది. ఆమె ఆ కొప్పును ఊరికే మోయలేదు, దాంతో పని కూడా చేయించుకునేది. సూదులు, గుండుపిన్నులు, సుద్దముక్క అన్నీ అందులోనే గుచ్చుకునేది.

"ఒసే, నీ తలకి అయస్కాంతం చూపిస్తే నువ్వే లేచొస్తావే" అనేది మేవిస్. ఆ కొప్పు కట్టేది ఆవిడే. పెక్ టైలరింగ్ దుకాణానికి ఆనుకుని ఉన్న మంగలి దుకాణం, అంటే ఆడవాళ్ళ జుట్టు దుకాణం, మేవిస్‌ది.

బెరిల్ తల్లి ఇంటి నడవలో నిలబడి చేపల వలలు అల్లేది. ఆ పక్కనే పెరిగిన పిల్లకు అక్షరాలకంటే ముందు సూది పట్టడం వచ్చింది. పదిహేనో ఏట పెక్ దుకాణంలో చేరింది. చేరిన రోజు నుంచి కాజాలు. ఒకడి తర్వాత ఒకడి కోటు వచ్చేది, ఆమె కాజాలు కుట్టేది, కోటు వెళ్ళిపోయేది. ఆమె కన్ను మాత్రం ఎప్పుడూ కిటికీ దగ్గరున్న కటింగ్ బల్ల మీదే. మధ్యాహ్నం భోజనం వేళ పాత పేపర్లను కోట్ల ముక్కలుగా కత్తిరించి, పిన్నులు పెట్టి, మేవిస్‌కు తొడిగి చూసేది. ఒకసారి పెక్ అది చూశాడు.

"మడతలు బాగానే పెట్టావు. కానీ మగాడి కాలు లోపలి కొలత తీయడం ఆడపిల్ల పని కాదమ్మాయ్. వాళ్ళు సిగ్గుపడతారు" అన్నాడు.

"ఆ కుర్రాళ్ళా? సిగ్గా?" అని మేవిస్ పక్క దుకాణంలోంచి గోడ అవతల నుంచే నవ్వింది.

ఆ శీతాకాలం పెక్ పెరటి మెట్టు మీద మంచుకు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించుకుని వచ్చి, కుర్చీలో కూలబడి, కత్తెర వైపు కాసేపు చూశాడు. వారం లోపల ఓడలు వస్తాయి. కుర్రాళ్ళు తలుపులు బద్దలు కొడతారు.

"బెరిల్, ఇలా రా" అన్నాడు చివరికి. "నేను చెబుతాను, నువ్వు కత్తిరించు. ముందు ఒక్క సూటు. అది కుట్టించుకున్న కుర్రాడి ఒంటి మీద ఓడ దాకా వెళ్ళిందా, ఈ బల్ల నీది. వెళ్ళలేదో, లీడ్స్‌లో మా అన్న కొడుకు కటింగ్ నేర్చుకుంటున్నాడు, వాణ్ణి పిలిపిస్తాను. నువ్వు మళ్ళీ కాజాల దగ్గరికే. సరేనా?"

సరేనా అని అడగాలా! బెరిల్ తల ఊపబోయి, కొప్పులో పిన్నులు రాలతాయని గుర్తొచ్చి, "సరే" అంది.

మొదట దొరికినవాడు నెవిల్ బ్లెంకిన్. వలలు లాగే కుర్రాడు, పొడుగరి, ముందు జుట్టును క్రీముతో అలలా పైకి లేపి, ఆ అల చెదరకుండా తలుపుల కింద నుంచి వంగి వచ్చేవాడు. టేపు పట్టుకుని తన ముందు మోకాళ్ళ మీద కూర్చున్న బెరిల్‌ని చూడగానే వాడి చెవులు బీట్‌రూట్ ముక్కల్లా ఎర్రబడ్డాయి.

"పెక్ గారూ, మీరు కొలవరా?"

"ఏ చేత్తో కొలవమంటావురా?" అని పెక్ కట్టు చూపించాడు.

"అబ్బాయీ, కదలకు" అంది బెరిల్. "ఐస్‌లాండ్ గాలివానకి నిలబడతావు, ఈ టేపుకి వణుకుతావేం?"

నెవిల్ ఎవరికీ లేని రంగు కావాలన్నాడు. నీలాలు అందరికీ ఉన్నాయి, గులాబీ వాళ్ళ ఓడలో వంటవాడిది, నిమ్మపసుపు ఇంజను గదివాడిది. బెరిల్ చుట్టలన్నీ తిరగేసి అడుగున ఉన్న ఒక గుడ్డను లాగింది. పెక్ కొత్తగా పెట్టించిన ట్యూబ్‌లైటు కింద అది ఆకాశం లోతులోంచి తీసినట్టు నీలంగా వెలిగింది. నెవిల్ "అదే" అన్నాడు. బెరిల్ మరో మాట లేకుండా దాన్ని బల్ల మీద పరిచింది. వాడు ఓడెక్కి వెళ్ళిన మూడు వారాల్లో ఆమె దాన్ని కత్తిరించి, మడతలు మడిచి, తర్వాత ఊడదీసే పచ్చి కుట్లు, అంటే టాకాలు, వేసి, కొలత చూసుకోవడానికి సిద్ధం చేసింది. ఆ మూడు వారాలూ ఆమెకు పండగే. ప్రతి ఉదయం దుకాణానికి నడిచి కాదు, పరుగెత్తి వెళ్ళేది.

ఓడ వచ్చిన రోజు మధ్యాహ్నం నెవిల్ వచ్చాడు. టాకాల సూటు తొడిగింది బెరిల్. అద్దంలో చూసుకున్నాడు, అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, భుజాలు కదిపి వీపు మీది మడతలు విచ్చుకోవడం చూశాడు.

"దేవుడా! నేనేనా ఇది?"

"నువ్వే. ఇంకా ఇస్త్రీ కూడా పడలేదు" అంది బెరిల్. గాల్లో తేలుతోంది.

"మా అమ్మ ఎదురుగా చేపల కొట్టు దగ్గరుంది. ఒక్క నిమిషం చూపించి వస్తా" అని, పెక్ "ఆగరా, టాకాలు" అనేలోపే తలుపు తోసుకుని వీధిలోకి దూకాడు.

ఆ రోజు అరుదుగా ఎండ కాసింది. ఎండలోకి వెళ్ళిన సూటు ఆకుపచ్చగా మారిపోయింది. లేత ఆకుపచ్చ అనడానికి కూడా వీల్లేదు, పచ్చి బఠాణీ ఆకుపచ్చ.

రోడ్డు మీద మాటలు ఆగిపోయాయి. హెసిల్ రోడ్డులో ఆకుపచ్చ ఇంట్లోకి రాకూడదు. ఆకుపచ్చ కర్టెను ఉండదు, ఆకుపచ్చ చొక్కా ఉండదు, పెళ్ళికి ఎవరైనా ఆకుపచ్చ పింగాణీ ఇస్తే అదే రోజు వెనక్కి పోతుంది. సముద్రానికి వెళ్ళే మగవాడి ఒంటి మీద ఆకుపచ్చ అంటే సముద్రాన్ని చేయిపట్టి పిలవడమే. నమ్మేవాళ్ళూ అంతే, 'మేం నమ్మం' అని చెప్పేవాళ్ళూ అంతే.

నెవిల్ తల్లి ఐడా చేపలు కోసే మనిషి. తలకు గుడ్డ, కాళ్ళకు చెక్క బూట్లు, గొంతు మాత్రం రేవులో సైరనంత. కొడుకును చూసి ఒక్క అరుపు అరిచింది.

"ఒరేయ్, విప్పరా! ఇక్కడే విప్పు! ఆ గుడ్డతో నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

"అమ్మా, ఇది నీలం..."

"నీ కళ్ళు పీకి సముద్రపు కాకులకేశావా? విప్పంటే!"

వాడు కంగారుగా లాగేసరికి టాకాలు పటపటమని తెగి కోటు రెండు ముక్కలైంది. పదిమంది చూస్తుండగా మేజోళ్ళతోనూ లోపలి నిక్కరుతోనూ నెవిల్ దుకాణంలోకి పారిపోయి వచ్చాడు. చెదరనివ్వని ఆ జుట్టు అల నుదుటి మీద చప్పగా పడిపోయింది. వాడి వెనకే ఐడా వచ్చింది.

"నా కొడుకుని ముంచుదామనుకున్నావే?" అంది బెరిల్ మొహంలోకి చూస్తూ. ఆమె అరిచి ఉంటే బెరిల్ భరించేది. నెమ్మదిగా అంది.

పెక్ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "గుడ్డని కత్తిరించే ముందు గుమ్మం దగ్గరకి తీసుకెళ్ళి పగటి వెలుతురులో చూశావా?"

చూడలేదు. పెక్ ప్రతి గుడ్డనూ గుమ్మంలోకి తీసుకెళ్ళడం ఇన్నేళ్ళుగా ఆమె రోజూ చూస్తూనే ఉంది. కత్తెర చేతికి వచ్చిన సంతోషంలో అది మర్చిపోయింది. కన్నీళ్ళు రాలేదు, సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. ఇంకో గుడ్డ వేద్దామంటే ఉన్న చుట్టలన్నీ ఇతరుల ఆర్డర్లు. ఎల్లుండి పొద్దున్న పోటుకు నెవిల్ ఓడ వెళ్ళిపోతుంది.

"లీడ్స్‌కి ఉత్తరం రాస్తాను" అన్నాడు పెక్. తిట్టలేదు పాపం. అదే ఎక్కువ నొప్పించింది.

సాయంత్రం మేవిస్ ఆ ముక్కలను చూసి పకపకా నవ్వింది. బెరిల్ మొహం చూసి నవ్వాపుకుంది. "ఆకుపచ్చేగా? నా దగ్గరికి వారానికొకతి ఆకుపచ్చ తలతో వస్తుంది. బంగారు రంగు వేయించుకుని ఈత కొలనులో మునుగుతారు, పాచిపట్టినట్టు తిరిగిపోతుంది. దాన్ని దేంతో చంపుతాననుకున్నావు? ఎరుపుతో!"

"జుట్టు కాదే, ఇది ఉన్ని."

"ఉన్ని మాత్రం జుట్టు కాదేంటే? గొర్రె జుట్టు!"

బెరిల్ మేవిస్‌ని గట్టిగా వాటేసుకుంది. కొప్పులోంచి రెండు పిన్నులు మేవిస్ చెంపకు గుచ్చుకున్నాయి.

మర్నాడు మేవిస్ దుకాణానికి సెలవు రోజు. బెరిల్ పొద్దున్నే టాకాలన్నీ విప్పి సూటును మళ్ళీ ముక్కలు చేసింది. బజారు నుంచి బట్టలకు వేసే ఎర్ర రంగు తెచ్చారు. ముందు చెయ్యంత పీలిక వేడినీళ్ళలో ముంచి చూశారు. ఆకుపచ్చ కాసేపు మొండికేసింది, బూడిదగా మారింది, ఆ తర్వాత గుడ్డలోని నీలం ఎరుపుతో కలిసి మెల్లగా ఒక ఊదా రంగు పైకి తేలింది. బెరిల్ ఈసారి పీలికను పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. పగటి వెలుతురులోనూ ఊదాయే! రోడ్డు మీద గంతులేస్తున్న ఆమెను చూసి పాలవాడు సైకిలాపాడు.

"పిన్నీ!" అని ఆమె చేపల కొట్టు వైపు కేక పెట్టింది. "ఐడా పిన్నీ! వచ్చి చూడు!"

ఐడా పీలికను ముక్కు దగ్గర పెట్టుకుని, ఎత్తి పట్టుకుని, తిప్పి చూసింది. "చావలేదుగా ఆకుపచ్చ? అడుగున దాక్కుని లేదుగా?"

"లేదు పిన్నీ, చచ్చింది. నువ్వే కలుపు, నువ్వే చూసుకో."

ఐడా గౌను చేతులు పైకి మడిచి, కర్ర తీసుకుని మేవిస్ దుకాణంలోని వేడినీళ్ళ తొట్టి దగ్గర నిలబడింది. కొడుకు విషయంలో ఎవరినీ నమ్మని మనిషి, తనే కలిపితే నయమనుకుంది. కోటు ముక్కలు, ప్యాంటు కాళ్ళు ఆవిరిలో తిరుగుతున్నాయి. ముగ్గురి మోచేతులూ ఊదాగా మారాయి. మేవిస్ రేడియో పెట్టింది, ఐడా తెలియకుండానే కర్రతో తాళం వేస్తోంది. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని ఓడల కంపెనీ కబురు మనిషి వచ్చాడు. నావికుల ఇళ్ళు తిరిగి ఓడ టైము చెప్పడం అతని పని.

"ఐడమ్మా, ఇక్కడున్నావా! ఇల్లంతా వెతికాను. మీవాడి ఓడ రేపు కాదు, ఇవాళ సాయంత్రం పోటుకే. ముందు వెళ్ళాల్సిన ఓడకి ఇంజను మొరాయించింది" అని చెప్పి, ఇంకో ఇంటికి పరుగెత్తాడు.

మేవిస్ రేడియో కట్టేసింది. ముగ్గురూ తొట్టి వైపు చూశారు.

మగవాడు సముద్రానికి వెళ్ళే రోజున ఇంట్లో బట్టలు ఉతకకూడదు. ఆ రోడ్డులో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. ఉతికితే వాణ్ణి ఉతికి పారేసినట్టే, నీళ్ళు వాణ్ణి తీసుకుపోతాయి. రేవు దాకా వెళ్ళి సాగనంపడం లేదు, చెయ్యి ఊపడం లేదు, ఉతకడం అసలే లేదు. ఇప్పుడు నెవిల్ కోటు, ప్యాంటు, జేబులతో సహా వేడినీళ్ళలో తిరుగుతున్నాయి. పైగా తిప్పుతున్నది కన్నతల్లి.

"తీసెయ్యండి" అంది బెరిల్. "తీసేద్దాం పిన్నీ. అవతల పారేద్దాం. నాకా బల్ల వద్దు."

ఐడా కర్ర తిప్పడం ఆపేసింది.

"తీస్తే మాత్రం తడి తడే కదా" అంది మేవిస్. "అయినా ఇది ఉతకడమా? రంగేయడం. రంగేయడం గురించి ఎవరేం చెప్పారు?"

"నీళ్ళు కదా" అంది బెరిల్.

"వాన కూడా నీళ్ళే. వానలో నడిస్తే ఉతికినట్టా?"

"వాన మనం పోస్తామా?"

ఇలా ఇద్దరూ నీళ్ళ గురించి కోర్టులో వాదించుకున్నట్టు వాదించుకున్నారు. చివరికి ఐడా కర్రను నేలకు కొట్టింది.

"సబ్బు వేశామా?" అంది.

"లేదు."

"సబ్బు లేకపోతే ఉతుకు కాదు. మా అమ్మమ్మ నాటి నుంచీ ఉన్న మాట." ఆమె గొంతు ఖంగుమంది. "కానీ జాడించడానికి లేదు. జాడిస్తే ఉతుకులోకి వస్తుంది. పిండి ఆరబెట్టండి. ఉన్నదున్నట్టు కుట్టండి."

"జాడించకపోతే రంగు కారుతుంది పిన్నీ! వాడి ఒళ్ళంతా అంటుతుంది!"

"అంటనీ. రంగంటినవాడు మునగడు."

ఇంక చూడాలి ఆ హడావిడి! మేవిస్ దుకాణంలో తలమీద బోర్లించి జుట్టు ఆరబెట్టే డ్రైయర్లు మూడున్నాయి. వాటి కింద కుర్చీల్లో ఆ మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్ళకు బదులు ఒక కోటు వీపు, రెండు ప్యాంటు కాళ్ళు కూర్చున్నాయి. అటుగా పోతున్నవాళ్ళు కిటికీలోంచి చూసి ఆగిపోయారు. ఆరిన ముక్క ఆరినట్టే బెరిల్ లాక్కుని పక్క దుకాణంలోకి పరుగు తీసింది. పెక్ ఎడమ చేత్తో ఇస్త్రీ పెట్టె పట్టుకుని మడతలు తొక్కిపెట్టాడు. లైనింగు ఊసే ఎత్తలేదు ఎవరూ. కుట్టుమిషను ఎంత జోరుగా తిరిగిందంటే, దాని బల్ల మీది టీ కప్పు తనంతట తానే నడిచి వెళ్ళి కింద పడింది. వీధిలో ఎవరో ఎండ జరిగిందని, ఎవరో పోటు మొదలైందని కేకలేస్తున్నారు. బెరిల్ కొప్పు ఒక పక్కకు ఒరిగిపోయింది. సూది కోసం చెయ్యి పెడితే ఆవిరికి పంచదార కరిగి జిగురు తగిలింది.

"పూర్తయిందా?" అని బయట టాక్సీలోంచి నెవిల్ అరిచాడు. ఆ కుర్రాళ్ళు ఒడ్డున ఉన్న మూడు రోజులూ టాక్సీ దిగేవాళ్ళు కాదు.

"లోపలికి రా!"

వాడు వేసుకున్నాడు. బెరిల్ కళ్ళు ముందు భుజాల మీద, ఆ తర్వాత నడుము మీద, తర్వాత బూటు మీద పడ్డాయి. అంతా సరిగ్గా కూర్చుంది. అప్పుడు నెవిల్ వెనక్కి తిరిగాడు.

జాడించని రంగు మడతల లోపల చిక్కగా నిలిచి, మడతల అంచుల మీద లేతగా ఉండిపోయింది. వాడు భుజం కదిపితే వీపంతా పావురం మెడలా రంగులు మారింది. ఏ కొట్టులోనూ అలాంటి గుడ్డ దొరకదు. పెక్ నోట్లో పెట్టుకున్న పిన్నులు బయటికి తీశాడు. "అమ్మాయ్, ఈ పని నేనెప్పుడూ చేయలేకపోయాను" అన్నాడు.

నెవిల్ ఓడ దాకా నడిచే వెళతానన్నాడు. టాక్సీ ఖాళీగా వెనకాలే వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా జనం నిలబడిపోయారు. చిప్స్ కొట్టు ముందు నిలబడ్డ గులాబీ సూటు వంటవాడు తన కోటును, నెవిల్ కోటును మార్చి మార్చి చూసుకున్నాడు. నెవిల్ మెడ అప్పటికే ఊదాగా మారిపోయింది. ఐడా, బెరిల్ రోడ్డు చివరన ఆగిపోయారు. రేవు దాకా వెళ్ళకూడదు. చెయ్యి ఊపకూడదు. బెరిల్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంది, ఊపేస్తుందేమోనని.

తర్వాత మూడు వారాలు. పెక్ మాట మీద నిలబడే మనిషే, బల్ల ఆమెకు ఇచ్చేశాడు. కానీ ఆమె కత్తెర ముట్టలేదు. కాజాలే కుట్టింది. రెండో వారంలో ఐస్‌లాండ్ దగ్గర గాలివాన లేచిందనీ, నెవిల్ ఓడ రేడియోలో పలకడం లేదనీ కబురొచ్చింది. రోడ్డు మీద ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అనకుండా చూసే చూపు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తొట్టిలో తిరిగిన ఆ ప్యాంటు కాళ్ళు ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. ఐడా ప్రతి సాయంత్రం పని దిగి దుకాణం ముందు నుంచి వెళ్ళేది, లోపలికి చూసేది కాదు.

ఓడ వచ్చింది! మంచు పేరుకుని, ఒక పడవ పోగొట్టుకుని, రేడియో స్తంభం విరిగి, మనుషులందరితో మాత్రం క్షేమంగా వచ్చింది. ఆ కబురు రోడ్డు మీదికి రాగానే మేవిస్ సగం జుట్టు చుట్టిన కస్టమరుని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆ సగం జుట్టు మనిషి కూడా వెనకే పరుగెత్తుకొచ్చింది. మధ్యాహ్నానికల్లా పెక్ దుకాణం నిండా కుర్రాళ్ళు. అందరి ముందూ నెవిల్.

"ఏమడుగుతావు నా బాధ! దిండు ఊదా, దుప్పటి ఊదా, నా మోకాళ్ళు మొన్నటిదాకా ఊదా. నాకేదో అంటురోగం వచ్చిందని కెప్టెన్ నన్ను విడిగా పడుకోబెట్టాడు. గాలివానలో దేవుణ్ణి తలుచుకుంటూనే వీళ్ళు నా కోటు కొట్టుకుపోకుండా తాడుతో కట్టి కాపాడారు బెరిల్!"

"మాకూ అదే కావాలి" అన్నాడు గులాబీ సూటు వంటవాడు.

"ఒకడి రంగు ఇంకొకడికి ఉండకూడదుగా?" అన్నాడు పెక్.

"ఇంతకుముందు మాట అది. మీరు పక్కకి జరగండి పెక్ గారూ, ఆ అమ్మాయి కొలవాలి."

పెక్ తన కుర్చీని కటింగ్ బల్ల దగ్గర నుంచి ఎత్తి కాజాల బల్ల దగ్గర వేసుకున్నాడు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు, చేపల ఓడలు ఆగిపోయేదాకా, ఆ బల్ల బెరిల్‌దే. నెవిల్‌కూ ఆమెకూ పెళ్ళయిందా అని అందరూ అడుగుతారు. కాలేదు. ఆమె ఒక బస్సు కండక్టరును చేసుకుంది, వాడికి జీవితాంతం ఒకే యూనిఫారం, పాపం. సూటు కుట్టినంత మాత్రాన మనువాడాలా ఏం?

ఓడ తిరిగొచ్చిన ఆ రోజు సాయంత్రం కుర్రాళ్ళంతా తాగడానికి వెళ్ళిపోయాక ఐడా వచ్చింది. తలుపు మూసింది. చేపల పొలుసులు అంటుకున్న నల్ల గౌను. భర్త సముద్రంలో పోయినప్పటి నుంచి ఆమె వేరే రంగు వేయలేదు.

"సబ్బు మాట నేను కల్పించాను" అంది.

"ఏంటి పిన్నీ?"

"మా అమ్మమ్మ అలాంటిదేం చెప్పలేదు. బట్ట ఎలాగూ నీళ్ళలో పడింది. పడిందని వాడికి తెలిస్తే భయంతోనే చస్తాడు. అందుకని అప్పటికప్పుడు అల్లేశాను." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "మీ బాబాయి వెళ్ళిన పొద్దున నేను ఆయన చొక్కా ఉతికాను బెరిల్. చంటిపిల్లాడు దాని మీద కక్కాడు. వాసనొస్తుందని ఉతికేశాను. ఆయన తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ చొక్కా నేనే ఆయన్ని ముంచిందనుకున్నాను."

బెరిల్ వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంది.

"మొన్న వాడి సూటూ నీళ్ళలో పెట్టాం" అంది ఐడా. "సబ్బున్నా లేకపోయినా నీళ్ళు నీళ్ళే. నా చేత్తో నేనే తిప్పాను. అయినా వచ్చాడు. వచ్చేశాడే!" ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి చేస్తోంది. "అంటే చొక్కా వల్ల కాదు. నావల్ల కాదు."

"కాదు పిన్నీ. ఎప్పుడూ కాదు."

ఐడా మొహం తుడుచుకుని దుకాణం నాలుగు వైపులా చూసింది. మగవాళ్ళ కోట్లు, మగవాళ్ళ ప్యాంట్లు.

"ఇక్కడ ఆడవాళ్ళకి కుట్టరంటారు."

"పెక్ గారు కుట్టరు. నేను కుడతాను" అని బెరిల్ మెడలోని టేపు తీసింది. "ఏ రంగు?"

"ఇంకేది? వాడిదే." ఐడా పొలుసుల చేతులు రెండూ పక్కలకు చాచి నిలబడింది. "వీపు మీద మడతలు పెట్టు. వాడికి పెట్టినన్ని పెట్టాలి, తగ్గించావంటే ఊరుకోను."